రెండు వైపుల కుర్రకారును ఒకచోట కూర్చోబెట్టాలంటే

ఊళ్లో గొడవ అయ్యాక అందరికీ ముందు తట్టేది శాంతి ర్యాలీ. తెల్ల చొక్కాలు, కొవ్వొత్తులు, ఎస్సై గారు మధ్యలో నిలబడ్డ గ్రూప్ ఫోటో, మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త. అందులో తప్పేం లేదు గానీ దానివల్ల మారేదీ ఏం లేదు. కొన్నాళ్లకు ఎవరో ఒకరు, కాలేజీ లెక్చరరో, ఎన్‌ఎస్‌ఎస్ చూసే మాస్టారో, చిన్న స్వచ్ఛంద సంస్థ నడిపే అమ్మాయో, "రెండు వైపుల పిల్లల్నీ కూర్చోబెట్టి మాట్లాడిద్దాం" అంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నా. ఊరికీ పేటకీ, అంటే దళితవాడకీ, మధ్య గొడవ కావచ్చు, పక్కపక్క బస్తీల్లో హిందూ ముస్లిం గొడవ కావచ్చు, ఫ్లెక్సీ చింపారనో, డీజే ఆపలేదనో, ఎవడో వాట్సాప్ స్టేటస్ పెట్టాడనో మొదలైంది కావచ్చు, పద్ధతి చాలావరకు ఒకటే.

ముందే ఒక మాట. మూడు రోజుల క్యాంపు పెట్టడం పెద్ద కష్టం కాదు. మంచి చోటు, కడుపు నిండా భోజనం, నాలుగు ఆటలు ఉంటే పంతొమ్మిదేళ్ల పిల్లలు రెండో రోజుకే కలిసిపోతారు, చివరి రోజు ఏడ్చేవాళ్లు కూడా ఉంటారు. నాలుగో రోజు ఇంటికెళ్తారు. అక్కడ బావ, బాబాయ్, పార్టీ నాయకుడు, కుల సంఘం గ్రూపు, అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. ప్రోగ్రామ్ అసలు మొదలయ్యేది అక్కడ. మీ దగ్గరున్న డబ్బులో, ఓపికలో సగానికి పైగా ఆ తర్వాతి నెలలకి దాచిపెట్టలేకపోతే అసలు మొదలుపెట్టకండి.

ప్రపంచంలో ఈ పని చాలాకాలంగా చేస్తున్నవాళ్ల అనుభవం కూడా ఇదే చెబుతుంది. 1993లో జాన్ వాలక్ అనే అమెరికన్ జర్నలిస్టు, ఇజ్రాయెల్, పాలస్తీనా, ఈజిప్టు నుంచి 46 మంది టీనేజ్ పిల్లల్ని తీసుకొచ్చి అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఒక సరస్సు ఒడ్డున సీడ్స్ ఆఫ్ పీస్ అనే క్యాంపు పెట్టాడు. తర్వాత 2001 నుంచి భారత్, పాకిస్తాన్ పిల్లలూ వెళ్లారు. ఆటలూ ఉంటాయి, రోజూ కొంతసేపు ఫెసిలిటేటర్ల, అంటే చర్చ నడిపించేవాళ్ల, ముందు కూర్చుని ఒకరి మొహం మీద ఒకరు అరుచుకునేంత మాటలూ ఉంటాయి. షికాగో యూనివర్సిటీ వాళ్లు ఆ పిల్లల్ని క్యాంపుకి ముందు, వెంటనే తర్వాత, మళ్లీ నెలలు గడిచాక ప్రశ్నలడిగి చూస్తే తేలింది ఏంటంటే, క్యాంపులో పెరిగిన సదభిప్రాయం ఇంటికెళ్లాక కొంత కరిగిపోతుంది, పూర్తిగా పోదు, అవతలి వైపు కనీసం ఒక్కరితోనైనా గట్టి స్నేహం కుదిరినవాళ్లలో అది బాగా కనిపిస్తుంది. అంటే ఇరవై మందితో సెల్ఫీల కంటే ఒక్కడి ఫోన్ నంబరు ముఖ్యం.

అదే క్యాంపుకి సంబంధించి ఇంకో సంగతి కూడా తెలిసుండాలి. 2000 అక్టోబరులో, ఆ క్యాంపుకి వెళ్లొచ్చిన ఆసెల్ ఆస్లే అనే 17 ఏళ్ల అరబ్ కుర్రాడు, ఇజ్రాయెల్ పౌరుడే, తన ఊరి దగ్గర నిరసనల సమయంలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఒంటి మీద ఉన్నది ఆ క్యాంపు టీషర్టే. పిల్లల్ని రిస్కులోకి పంపేది మనమే, బయటికొచ్చాక వాళ్లను కాపాడే బలం మన దగ్గర ఉండదు. ఈ రెండూ కలిపి ఆలోచించాకే ముందుకెళ్లండి.

ఎప్పుడు, ఎప్పుడు కాదు

అన్నిటికంటే మంచి సమయం ఏ గొడవా లేనప్పుడు. నవ్వొచ్చేలా ఉన్నా ఇదే నిజం. ఉత్తర ఐర్లాండ్‌లో కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య మూడు దశాబ్దాల హింస 1960ల చివర్లో మొదలైంది, కానీ రెండు వైపుల వాళ్లు కలుసుకునే కారిమీలా కేంద్రాన్ని రే డేవీ అనే పాస్టరు 1965లోనే పెట్టాడు. మంటలు మొదలయ్యేసరికి కలవడానికి ఒక చోటు అప్పటికే ఉంది. మన దేశంలోనే భివండీ చూడండి. 1984లో ఘోరమైన అల్లర్లు జరిగిన ఊరు. 1988 ప్రాంతంలో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి అక్కడ మొహల్లా కమిటీలు పెట్టి, రెండు మతాల వాళ్లనూ మామూలు వార్డు సమస్యల మీద క్రమం తప్పకుండా కూర్చోబెట్టాడు. 1992-93లో పక్కనే బొంబాయి తగలబడుతుంటే భివండీలో అల్లర్లు జరగలేదు.

గొడవ జరిగిన వారం పది రోజుల్లో ఎవరూ వినే స్థితిలో ఉండరు. పైగా మన దగ్గర ఎఫ్ఐఆర్‌లో పేర్ల తర్వాత "మరికొందరు" అని ఉంటుంది, ఆ మరికొందరిలో తన పేరు ఎప్పుడు చేరుతుందో తెలియని కుర్రాడు మీ మీటింగ్‌కి వచ్చి సంతకం పెట్టడు. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టినప్పుడు రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు, వాట్సాప్ గ్రూపుల్లో, వీడియోల్లో కనిపించిన కుర్రాళ్ల కోసం పోలీసులు తిరిగారు. అలాంటి టైములో "రండి మాట్లాడుకుందాం" అంటే ఆ మాటకి అర్థమే వేరుగా ఉంటుంది. అరెస్టులు సద్దుమణిగేదాకా ఆగండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, మన దగ్గర చాలామంది దాటేసేది. పేటలో "శాంతి కమిటీ" అనే మాట వినగానే గుర్తొచ్చేది, కేసు వెనక్కి తీసుకోమని బతిమాలడానికో బెదిరించడానికో వచ్చే పెద్దమనుషులు. దళితుల్ని ఊచకోత కోసిన కారంచేడు 1985, చుండూరు 1991 పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది, న్యాయం కోసం ఎన్నేళ్లు తిరిగినా ఏమవుతుందో చూసినవాళ్లు వాళ్లు. కాబట్టి మొదటి రోజే రెండు చోట్లా ఒకే మాట చెప్పండి, వీలైతే కాగితం మీద రాసి ఇవ్వండి: మా ప్రోగ్రామ్‌కీ కేసుకీ సంబంధం లేదు, ఇక్కడ రాజీ మాట ఎవరెత్తినా ఆ రోజు మీటింగ్ అక్కడితో ఆగిపోతుంది. మీకు ఫండ్ ఇచ్చేవాళ్లో, మండలం ఆఫీసర్లో "ఎలాగూ కలిశారు కదా, ఆ కేసు సంగతి కూడా చూడండి" అంటారు. ఖాయంగా అంటారు. ఒప్పుకోకండి. ఇక పేట మీద వెలి నడుస్తుంటే, అంటే పనికి పిలవకపోవడం, కిరాణా ఇవ్వకపోవడం లాంటివి ఉంటే, అది 2015 సవరణ తర్వాత ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద నేరం. ముందు కలెక్టరేట్‌కి వెళ్లి దాన్ని ఆపించాలి. బియ్యం దొరకని ఇంటికి వెళ్లి సంభాషణ అంటే సిగ్గుచేటు.

ఎవరిని పిలవాలి

ఇలాంటి వాటికి పిలవగానే వచ్చేది మంచి పిల్లలు. వ్యాసరచనలో ప్రైజులు వచ్చినవాళ్లు, ఎవరితోనూ గొడవ పడనివాళ్లు. వాళ్లు రావాలి, కానీ వాళ్లే వస్తే లాభం లేదు. మీకు కావాల్సింది బైక్ ర్యాలీ అంటే అరగంటలో ముప్పై బండ్లు తేగలిగేవాడు, వినాయకుడి కమిటీలో చందా పుస్తకం పట్టుకు తిరిగేవాడు, అంబేడ్కర్ జయంతికి స్టేజీ కట్టించేవాడు, గ్రూప్ అడ్మిన్. వాడికి నలుగురు చెబితే వినడు, వాడు చెబితే నలభై మంది వింటారు. అలాంటివాళ్లు మొదటి పిలుపుకి రారు, టీ కొట్టు దగ్గర చాలాసార్లు కూర్చోవాలి. దాడి కేసులో నిందితుల్నీ, దెబ్బలు తిన్న కుటుంబం పిల్లల్నీ మాత్రం ఒకే గదిలోకి తేకండి, అది ఇంకో రకమైన పని, దానికి వేరే శిక్షణ కావాలి.

ఇరవై నుంచి పాతిక మంది చాలు. ఊళ్లో జనాభా ఎంత తేడా ఉన్నా గదిలో సగం సగం ఉండాలి. "వైపు" అన్నది మన సౌకర్యం కోసం అనుకునేదే తప్ప, లోపల చాలా ఉంటాయని మర్చిపోవద్దు. పేట అంటే ఒక్కటే కాదు, మాలలు, మాదిగలు ఉంటారు, 2024 ఆగస్టులో ఎస్సీ వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆ ఇద్దరి మధ్యే కొన్ని చోట్ల మాటలు ఇబ్బందిగా మారాయి. ఊరు వైపు కూడా భూమి ఉన్న ఓసీ, కౌలుకి చేసుకునే ఓసీ, బీసీలు, వీళ్లందరి కథా ఒకటి కాదు. పాతబస్తీలో షియా సున్నీ తేడా మీకు తెలియకపోతే తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోండి.

వయసు విషయంలో పద్దెనిమిది దాటినవాళ్లయితే అన్ని రకాలుగా సులువు. పదహారు పదిహేడు వాళ్లను తీసుకుంటే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి, రాత్రి బస వద్దు.

అమ్మాయిల గురించి విడిగా చెప్పాలి. మన ఊళ్లలో వేర్వేరు కులాల, మతాల పిల్లలు కలిసి కూర్చుంటారంటే ఇంట్లో వచ్చే మొదటి అనుమానం ప్రేమ వ్యవహారం. ఇది ఉత్త మూఢత్వం అని కొట్టిపారేయకండి, 2018లో మిర్యాలగూడలో కులం దాటి పెళ్లి చేసుకున్న కుర్రాడిని పట్టపగలు చంపింది అందరికీ తెలుసు, ఆ భయం అమ్మాయి ప్రాణం మీద కూడా. అందుకని అబ్బాయిలతోనే కానిచ్చేద్దాం అనుకునేవాళ్లున్నారు, అది చేతులు దులుపుకోవడం. అమ్మలతో వేరే మీటింగ్ పెట్టండి, మహిళా ఫెసిలిటేటర్ ఇంటికెళ్లి మాట్లాడాలి, పొద్దున తొమ్మిదికి బండి ఎక్కి సాయంత్రం ఐదుకి ఇంట్లో దింపేలా పగటి ప్రోగ్రామ్ పెట్టండి. డ్వాక్రా సంఘం లీడరు ఒక్కరు "మా అమ్మాయిని పంపుతున్నా" అంటే మిగతావాళ్లు పంపుతారు.

ఫెసిలిటేటర్లు ఇద్దరు, రెండు వైపుల నుంచి ఒక్కొక్కరు. ఒక్కరే అయితే ఎంత మంచివాళ్లయినా సగం గది అనుమానంగానే చూస్తుంది. లోకల్ రాజకీయాల్లో తిరిగేవాళ్లు వద్దు, మైకు దొరికితే వదలనివాళ్లు అసలే వద్దు. వాళ్లకి డబ్బులివ్వండి, ఇది సేవ పేరుతో ఊరికే చేయించుకునే పని కాదు.

చోటు, భోజనం, పిలుపు

గుడి మండపం, చర్చి హాలు, మసీదు పక్క మదర్సా, ఏదో ఒక కులం కమ్యూనిటీ హాలు, సర్పంచి గారి మామిడి తోట, ఇవేవీ పనికిరావు. సెలవుల్లో ఖాళీగా ఉండే కాలేజీ, ట్రైనింగ్ సెంటర్ లాంటివి చూడండి, రెండు వైపుల వాళ్లకీ బస్సు దూరం సమానంగా ఉంటే ఇంకా మంచిది.

భోజనాల దగ్గరే సగం ప్రోగ్రామ్ తేలిపోతుంది. ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఇవన్నీ పిల్లలు గమనిస్తారు, గమనించనట్టు ఉంటారు. టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊళ్ల పిల్లలకి అందరికీ ఒకే రకం గ్లాసు అన్నది చిన్న విషయం కాదు. వంట, వడ్డన, గిన్నెలు కడగడం రెండు వైపుల వాళ్లనూ కలిపి జట్లుగా వేసి వంతులు పెట్టండి, మొదటి రోజు ఊరి వైపు కుర్రాళ్ల పేర్లు గిన్నెల దగ్గర ఉండేలా చూసుకోండి. వాళ్లలో కొందరు అంతవరకు ఇంట్లో కూడా కంచం కడిగి ఉండరు, ఎవరి ఇంట్లో ఎవరు కడుగుతారన్న మాట అక్కడే వస్తుంది, రానివ్వండి. మాంసం విషయంలో మెనూ ముందే అందరికీ చెప్పేయండి, ముస్లిం పిల్లలుంటే హలాల్ అని స్పష్టంగా చెప్పండి, శాకాహారం తినేవాళ్లకి విడి గిన్నె ఉంటే చాలు, విడి బల్ల వద్దు.

పిలుపులు చూసుకోండి. మన పల్లెల్లో ఇరవై ఏళ్ల ఊరి కుర్రాడు యాభై ఏళ్ల పేట మనిషిని "ఏరా" అంటాడు, ఆయన తిరిగి "అండీ" అంటాడు. ఆ అలవాటు గదిలోకీ వస్తుంది, ఎవరూ కావాలని చేయరు. మొదటి అరగంటలోనే ఒక నియమం పెట్టండి, అందరూ అందరినీ "మీరు" అనాలి, ఫెసిలిటేటర్లతో సహా. స్నేహం కుదిరాక వాళ్లంతట వాళ్లే ఇద్దరూ ఒకేసారి "నువ్వు"లోకి దిగుతారు.

హైదరాబాద్‌లో అయితే భాష ఇలాంటిదే. తెలుగు పిల్లలకి ఉర్దూ అర్థమవుతుంది కదా, ముస్లిం పిల్లలకి తెలుగు వచ్చు కదా అని ఒకే భాషలో లాగించేస్తారు, చివరికి ఆ భాష బాగా వచ్చినవాళ్లదే పైచేయి అవుతుంది. ఇజ్రాయెల్‌లో యూదులూ పాలస్తీనీయులూ కలిసి ఉండే నెవే షాలోం గ్రామంలో శాంతి బడి 1979 నుంచి ఇలాంటి సమావేశాలు నడుపుతోంది. రెండు భాషలూ సమానమే అని పెట్టుకున్నా మాటలు హీబ్రూలోకే జారిపోతుంటాయన్నది అక్కడి అనుభవం. అర్థమైనా సరే, ప్రతి మాటా రెండో భాషలో మళ్లీ చెప్పించండి. ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం వల్ల కోపం కూడా కాస్త చల్లారుతుంది.

ఫోటోలు వద్దు, స్టేటస్‌లు వద్దు, బ్యానర్ వద్దు, టీషర్టులు అసలే వద్దు. ఎమ్మెల్యే గారు ప్రారంభోత్సవానికి వస్తానంటే ఏదో ఒక కారణం చెప్పి తప్పించుకోండి. "శత్రువుతో అన్నం తింటున్నాడు" అని ఒక్క ఫోటో కుల సంఘం గ్రూపులో పడితే ఆ కుర్రాడి పని అయిపోయినట్టే.

అసలు మాటలు

మొదటి పూటే గొడవ గురించి ఎత్తకండి. ఎవరింట్లో ఎవరుంటారు, ఏం చదివారు, గల్ఫ్‌లో ఎవరున్నారు, కానిస్టేబుల్ పరీక్ష ఎన్నిసార్లు రాశారు, ఇవి రెండు వైపులా ఒకేలా ఉంటాయి. కానీ అక్కడే ఆగిపోతే పిక్నిక్ అవుతుంది. "మనమంతా మనుషులమే" అనేసి లేచిపోతే ఎక్కువ హాయిగా ఉండేది పైచేయి ఉన్నవాళ్లకే, ఎందుకంటే మారాల్సింది ఏమీ లేదని తేలిపోతుంది కదా.

ఇక్కడ ఒక పరిశోధన బాగా పనికొస్తుంది. ఎమిల్ బ్రూనో, రెబెకా సాక్స్ అనే ఇద్దరు 2012లో, ఇజ్రాయెలీలు పాలస్తీనీయుల మధ్యా, అమెరికాలో తెల్లవాళ్లు మెక్సికన్ వలసదారుల మధ్యా చేసి చూసింది ఇది: ఒకరు తమ కష్టం చెబుతారు, రెండోవాళ్లు దాన్ని తమ మాటల్లో తిరిగి చెబుతారు. బలం తక్కువ ఉన్న వైపు వాళ్లకి, తాము చెప్పింది అవతలివాళ్లు విన్నారన్నప్పుడు అవతలివాళ్ల మీద అభిప్రాయం మెరుగైంది. బలం ఉన్న వైపు వాళ్లకి, విని తిరిగి చెప్పినప్పుడు మెరుగైంది. రెండు వైపులకీ ఒకే మందు కాదన్నమాట. మన దగ్గర సాధారణంగా జరిగేది దీనికి పూర్తిగా రివర్స్: ఊరి పెద్దలు మాట్లాడతారు, పేట వాళ్లు తలూపుతారు.

కాబట్టి జంటలుగా కూర్చోబెట్టండి. ముందు పేట వైపు వాళ్లు చెప్పాలి, ఊరి వైపు వాళ్లు తిరిగి చెప్పాలి. ఉదాహరణకి ఒకతను, "టెన్త్‌లో ఫ్రెండ్ వాళ్లింటికి వెళ్తే వాళ్ల నానమ్మ దోసిట్లో పైనుంచి నీళ్లు పోసింది, వాడు పక్కనే ఉండి ఏం అనలేదు" అన్నాడనుకోండి. రెండో అతను తిరిగి చెప్పేటప్పుడు "వాళ్ల నానమ్మ పాతకాలం మనిషి కాబట్టి..." అని మొదలెడతాడు. అక్కడ మెల్లగా ఆపాలి: "కారణం తర్వాత చెబుదురు గానీ, ముందు ఆయన చెప్పింది చెప్పండి." రెండు మూడు సార్లు ఆపితే గానీ ఆ "వాడు ఏం అనలేదు" అన్న ముక్క అతని నోట రాదు. బాధంతా అందులో ఉంది, నానమ్మలో కాదు.

రిజర్వేషన్ల మాట వస్తుంది. వచ్చే తీరుతుంది, ఎక్కువగా రెండో రోజు మధ్యాహ్నం. "మీకు తక్కువ మార్కులకే సీటు వస్తుంది, ఇంక వివక్ష ఎక్కడుంది?" అని ఒకరు, "మీకు ఎకరాలున్నాయి" అని ఇంకొకరు. దీన్ని "ఇది రాజకీయం, వద్దు" అని మూసేయకండి, పిల్లల మనసులో ఉన్నదే అది. ఫెసిలిటేటర్ చేతిలో లెక్కలుండాలి: ఎస్సీలకి ఎంత శాతం, బీసీలకి ఎంత, 2019 నుంచి ఈడబ్ల్యూఎస్ కింద ఓసీ పేదలకి ఎంత, కిందటి నోటిఫికేషన్‌లో ఏ కటాఫ్ ఎంతకి ఆగింది. కటాఫ్‌ల కాగితం బల్ల మీద పెడితే సగం వాదన అక్కడే మారుతుంది, ఎందుకంటే చాలామంది ఊహించుకునే తేడాకీ అసలు తేడాకీ పొంతన ఉండదు. కౌలు రైతు కొడుకైన ఓసీ కుర్రాడి కష్టం నిజమైనదే, అది చెప్పుకోనివ్వండి, కానీ పక్కవాడి కష్టానికి తూకం రాయిలా వాడనివ్వకండి.

హిందూ ముస్లిం గదిలో ఇదే వేరే రూపంలో వస్తుంది. హైదరాబాద్‌లో ఒకరు గోకుల్ చాట్, లుంబినీ పార్క్ పేలుళ్లంటారు. ఇంకొకరు మక్కా మసీదు పేలుడు తర్వాత తీసుకెళ్లి కొట్టి, చివరికి నిర్దోషులని వదిలేసిన బస్తీ కుర్రాళ్ల గురించి చెబుతారు. రెండూ 2007లోవే, రెండూ నిజమే, ఒకదాన్ని ఇంకోదానికి జవాబుగా వాడటం మొదలైన క్షణం ఆపేయాలి. ఒకరి కథ పూర్తయ్యాక, కొంచెం టీ బ్రేక్ ఇచ్చి, తర్వాత రెండోది.

ప్రతి గట్టి చర్చ తర్వాత గంటసేపు ఎవరి వైపు వాళ్లు విడిగా కూర్చోవాలి, తమ ఫెసిలిటేటర్‌తో. నెవే షాలోంలో ఇది పద్ధతిలో భాగం. కలపడానికి వచ్చి విడదీయడం ఏంటని అడుగుతారు, కానీ ఒక వైపు వాళ్లు తమలో తాము గొడవ పడటానికి ఆ గంట అవసరం. "మా తాతలు చేస్తే మాకేంటి" అని ఒకడంటే "మొన్న స్టేటస్ పెట్టింది తాత కాదు కదా" అని తన వాడే అనడం, ఫెసిలిటేటర్ వంద సార్లు చెప్పినదానికంటే బలంగా తగులుతుంది. అవతలివాళ్ల ముందు ఆ మాట అనడు.

ఆటల గురించి చిన్న హెచ్చరిక. "ఊరు జట్టు, పేట జట్టు, ఫ్రెండ్లీ మ్యాచ్" అనే ఐడియా ఎవరికో ఒకరికి వస్తుంది. వద్దు. మ్యాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాల కుర్రాళ్లు 1,261 మందిని తీసుకుని, వాళ్లలో కొందరితో క్రికెట్ లీగులు ఆడించి, మిగతావాళ్లతో పోల్చి చూశాడు. ఒకే జట్టులో కలిసి ఆడినవాళ్ల మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి, ఎదురు జట్టుగా ఆడినప్పుడు మాత్రం ఆ మేలు కనబడలేదు సరికదా కొన్ని విషయాల్లో తగ్గింది. జట్లు కలిపి వేయండి, కెప్టెన్సీ మార్చి మార్చి ఇవ్వండి.

ఊరికి తిరిగొచ్చాక

ఇరాక్‌లో ఐసిస్ వల్ల ఇళ్లు వదిలి పారిపోయిన క్రైస్తవ కుర్రాళ్ల ఫుట్‌బాల్ లీగులో కొన్ని జట్లలోకి ముస్లిం ఆటగాళ్లని చేర్చి సల్మా మూసా అనే పరిశోధకురాలు చూసింది, 2020లో ఫలితాలు వచ్చాయి. కలిసి ఆడినవాళ్లు నెలల తర్వాత కూడా ముస్లింలతో కలిసి ప్రాక్టీసు చేశారు, కానీ మైదానం బయట, ఊళ్లో, హోటల్లో, మిగతా ముస్లింలతో ప్రవర్తన పెద్దగా మారలేదు. మైదానం బయట కూడా ఏదైనా కావాలంటే అక్కడ కూడా పని పెట్టాలి. దానంతటదే పాకదు.

మొదటిది ఫోన్ల గొలుసు. 1990ల చివర్లో ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో, కాథలిక్కులనీ ప్రొటెస్టెంట్లనీ విడదీసే గోడకి ఇటూ అటూ ఉన్న కాలనీల కార్యకర్తలకి మొబైల్ ఫోన్లు ఇచ్చారు, రాళ్లు పడుతున్నాయన్న పుకారు రాగానే ముందు అవతలివాళ్లకి ఫోన్ చేసి కనుక్కోవడం వాళ్ల పని. మనకిప్పుడు ఫోన్లకి కొదవ లేదు, ఒప్పందానికే కొదవ. క్యాంపు చివరి పూట ఇటొకరు అటొకరుగా జంటలు ఖాయం చేయండి: ఏ వీడియో వచ్చినా, ఏ మాట విన్నా, ఫార్వర్డ్ చేసేముందు నీ జంటకి ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే. పెద్ద వాట్సాప్ గ్రూపు పెట్టడం దీనికి బదులు కాదు, అందులో మొదటి నెల గుడ్ మార్నింగులు, రెండో నెల గొడవ.

రెండోది పండగల క్యాలెండర్. వినాయక నిమజ్జనం, హనుమాన్ జయంతి శోభాయాత్ర, మిలాద్ ఊరేగింపు, ఏప్రిల్ 14 ర్యాలీ, ఇవి ఎప్పుడొస్తాయో ఏడాది ముందే తెలుసు, గొడవలూ ఎక్కువగా వాటి చుట్టూనే. పదిహేను రోజుల ముందు ఇరు కమిటీల కుర్రాళ్లూ కూర్చుని ఊరేగింపు ఎటు వెళ్తుంది, నమాజు టైములో డీజే ఎక్కడ ఆగుతుంది, ఫ్లెక్సీ ఏ స్తంభానికి కట్టాలి, ఎప్పుడు తీసేయాలి అన్నవి తేల్చుకోవాలి. కుర్రాళ్లకి నిజమైన నాయకత్వ శిక్షణ ఇదే. వేదికెక్కి పీస్ గురించి మాట్లాడటం నేర్పే ప్రోగ్రాములంటే నాకు పెద్దగా నమ్మకం లేదు. తన వైపు వాళ్లకే "ఈ సందులోంచి వద్దు" అని చెప్పి ఒప్పించగలిగినవాడే నాయకుడు.

మూడోది ఏడాది పొడుగునా కలిసి కూర్చోవడానికి ఒక కారణం. మన జిల్లాల్లో అది చదువే. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, రైల్వే, రెండు వైపులా ఇవే పుస్తకాలు. పంచాయతీ లైబ్రరీలో సాయంత్రాలు కలిసి చదివే బ్యాచ్ పెట్టండి, గ్రౌండ్‌లో రన్నింగ్ ప్రాక్టీసు కలిపి పెట్టండి. ఆ గదికి కరెంటు, నాలుగు కుర్చీలు, పాత పేపర్లు కావాలని పంచాయతీకి ఇరువైపుల సంతకాలతో అర్జీ పెట్టించండి. అదే అర్జీ తర్వాత పేటకి డ్రైనేజీ కోసం కూడా వెళ్లాలి. లైబ్రరీ దగ్గర సంతకం పెట్టినవాడు డ్రైనేజీ దగ్గర పెడతాడా అన్నది మీకు చాలా చెబుతుంది.

తిరిగొచ్చిన మొదటి వారం ప్రతి ఇంటికీ వెళ్లండి. "అమ్ముడుపోయాడు" అన్న మాట రెండు వైపులా పడుతుంది, పేట కుర్రాడి మీద ఇంకొంచెం గట్టిగా పడుతుంది. వాళ్లకి ఏం జవాబు చెప్పాలో ముందే కలిసి అనుకోండి, సింపుల్‌గా: "మాట్లాడటానికి వెళ్లా, కేసు గురించి మాట్లాడలేదు, ఎవరికీ క్షమాపణ చెప్పలేదు." బెదిరింపు వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఏ లాయరు ఉన్నారో, అవసరమైతే కొన్నాళ్లు ఎక్కడ ఉండొచ్చో ముందే ఏర్పాటు చేసి ఉంచాలి. మానేస్తానంటే మానేయనివ్వండి, బతిమాలకండి.

ఇక పనిచేసిందా లేదా అన్నది. చివరి రోజు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ ఐదుకి ఐదు వేస్తారు, బిర్యానీకి కూడా అదే మార్కు. ఆరు నెలలాగి, వీలైతే మీతో సంబంధం లేని మనిషితో అడిగించండి. ఎవరైనా జంటకి ఫోన్ చేశారా, ఏ విషయంలో? అవతలి వైపు ఇంట్లో మంచినీళ్లు తాగారా, ఇంట్లోవాళ్లకి చెప్పే తాగారా? తన గ్రూపులో ఒక ఫార్వర్డ్‌ని "ఇది అబద్ధం" అని ఆపింది ఎవరు, ఆపాక ఏమైంది? అమ్మాయిలు ఎంతమంది మిగిలారు? జవాబులు ఎక్కువగా "లేదు" అయితే ఫండ్ ఇచ్చినవాళ్లకి అదే రాయండి. రెండో బ్యాచ్‌కి కొత్త ఊరు వెతుక్కోవద్దు. అదే ఊళ్లో, మొదటి బ్యాచ్ నుంచి ఇటొకరిని అటొకరిని ఫెసిలిటేటర్ల పక్కన కూర్చోబెట్టి, ఈసారి వాళ్ల తమ్ముళ్లని, చెల్లెళ్లని పిలవండి.